ఎర్ర అంచు సముద్రం

ఆగండి, లేవకండి. మద్రాసు బండి గంట లేటని ఇప్పుడే సుద్దముక్కతో పలక మీద రాసి పోయారు. ఈ గంటలోపే నేను చెప్పేది మీరు వినేయాలి, బండి వచ్చాక చెప్పడానికి కుదరదు, ఎందుకంటే మా నాయన నా పక్కనే కూర్చుంటాడు. అదిగో, కుళాయి దగ్గర చెంబు తోముతున్నాడే, పొట్టిగా, మోకాళ్ల దాకా పంచె, ఆయనే. పేరు తిక్కయ్య. తోమడం అయిపోయాక, ఈ ఆదోని స్టేషన్లో ఇంతమంది నిలబడి ఉంటే ఆయన ఒక్కడే ప్లాట్‌ఫారం అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటాడు, చూడండి. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు మామూలుగా ఎక్కడా కూర్చోలేడు.

ఇదంతా రెండేళ్ల కిందట, ఎనభై నాలుగు ఎండాకాలంలో మొదలైంది. నేను కర్నూలు హాస్టల్ నుంచి తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఎమ్మిగనూరు వచ్చాను. బస్సు దిగి మా వీధిలోకి తిరిగితే ఏదో తేడాగా ఉంది, ఏమిటో నాకు వెంటనే తెలియలేదు. ఇంటి గడప దాకా వచ్చాక తెలిసింది. చప్పుడు లేదు. మా వీధిలో పొద్దున లేస్తే టక్కు టక్కు మని మగ్గాల చప్పుడు, అది లేకపోతే మాకు చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉంటుంది. ఉగాది నుంచి నూలు రావడం లేదట. నాలుగిళ్లలో అప్పటికే మగ్గం గుంటలు పూడ్చేసి పైన పేడతో అలికేశారు. శేషన్న చిన్నాయన ఇచల్‌కరంజి నుంచి ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు, ఈడ పవర్లూముల్లో పనుంది, గుంట పూడ్చేసి వచ్చేయ్ అన్నా, అని.

"ఈ ఎండాకాలం సూస్తా," అన్నాడు నాయన. "వానలొచ్చే లోపల పడుగు ఎక్కకపోతే పూడ్చేద్దాం."

మా అమ్మ భీమక్క రాట్నం దగ్గరే కూర్చొని ఉంది. ఖాళీ రాట్నం ఒకసారి తిప్పి వదిలేసింది. అది తిరిగి తిరిగి దానంతట అదే ఆగింది.

సరిగ్గా ఆ వారమే భీమరావు సారు వచ్చాడు.

భీమరావు సారు మంత్రాలయం వైపు ఆయన, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఎర్రటి ఎండలో గొడుగు పట్టుకొని ఆదోని నుంచి బస్సులో వచ్చి మా అరుగు మీద కూర్చొని, మజ్జిగ తాగి, చాక్‌పీసుతో అరుగు మీదే ఐదు గళ్లు గీశాడు. ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఎండాకాలం మూసేస్తారట, దాని ఐదు షెడ్లూ ఆయన అద్దెకు తీసుకున్నాడట.

"ఒక్కో షెడ్డు ఒక్కో లోకమప్పా. మొదట కాశ్మీరం, తర్వాత ఎడారి, తర్వాత అడవి. అడవి దాటితే చంద్రమండలం. చంద్రుడి మీద నుంచి దిగితే," అని ఐదో గడిలో వేలు పెట్టాడు, "సముద్రం. జనం ఒక వాకిట్లో దూరి ఇంకో వాకిట్లో బయటికొస్తారు, అంతలో లోకమంతా తిరిగేసి ఉంటారు. పేరు జగద్దర్శనం."

నేను ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయాను. నిజంగా. ఆ ఐదు సుద్దగళ్లు రెండు రోజులు అట్లే ఉన్నాయి, నేను ఎవరినీ తొక్కనివ్వలేదు.

"సముద్రం నువ్వు నేయాల తిక్కయ్యా. నీలం గుడ్డ, ముప్పై అడుగుల పొడుగువి ఎనిమిది. పక్కపక్కన పెట్టి కుట్టేద్దాం. రెండు పక్కలా మనుషులు పట్టుకొని ఊపితే అలలు, జనం కిందనించి నడుస్తారు. ఇది నిలబడితే బళ్లారిలో పెడతా, రాయచూరులో పెడతా. ఊరూరికీ కొత్త సముద్రం కావాల. నీ మగ్గానికి తీరిక ఉండదు."

"నిలబడకపోతే సారూ?"

"నిలబడకపోతే నేను గొడుగు పట్టుకొని ఇంటికి పోతా, నువ్వు ఇచల్‌కరంజికి పో," అని నవ్వాడు సారు. మేమెవరమూ నవ్వలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. అసలు విషయం ఇదే.

ఆ సంవత్సరం సంక్రాంతి సెలవులయ్యాక మా స్కూలు పిల్లలందరినీ మద్రాసు విహారయాత్రకు తీసుకుపోయారు. నన్ను తప్ప. బయలుదేరే ముందు రోజు నాకు ఒళ్లంతా అమ్మవారు పోసింది, హాస్టల్ వెనక గదిలో వేపాకుల మీద పడుకున్నాను. ఇంటికి తెలిస్తే అమ్మ కంగారు పడి బస్సెక్కి వచ్చేస్తుందని వార్డెనమ్మ చెప్పొద్దంది. అందుకని నేనూ అందరిలాగే ఉత్తరం రాశాను, మద్రాసు పోయొచ్చాం, సముద్రం చూశాను, చాలా పెద్దది, అని. అక్కడితో ఆపొచ్చు కదా. ఆపలేదు. జ్వరంలో పడుకొని ఏమేం కనిపించాయో అన్నీ రాశాను, రెండు పేజీలు. ఆ ఉత్తరం నాయన వీధంతా చదివించి, నీలకంఠేశ్వరుడి పటం వెనక దాచుకున్నాడు.

పడుగు, అంటే నిలువు పోగులు, పోసే రోజు తెల్లవారగానే నాయన నన్ను పిలిచాడు. నీలం నూలు అద్దకం వేసి దండెం మీద ఆరేసి ఉంది, వాకిలంతా నీలంగా వెలుగుతోంది.

"పాపా, సముద్రానికి అంచు ఉంటాదా?"

నాకు అర్థం కాలేదు. "అంచా?"

"అంచు. గుడ్డకుండేది. పడుగులోనే పోయాల కదా, మధ్యలో గుర్తొస్తే పెట్టేదానికి కాదు. సారు ఉత్త నీలం అన్నాడు. అంచు లేకుండా నేనెట్ల నేసేది? అంచు లేని గుడ్డ మా తాత కాలం నుంచి మేం ఒక్కదానికే నేస్తాం, పీనుగు మీద కప్పేదానికి. జనం దాని కింద నడుస్తారంటాడు. పిల్లోళ్లు, బాలింతలు." ఆయన నీలం నూలు వైపు చూస్తున్నాడు, నా వైపు కాదు. "నువ్వు సూసినావు కదా. సెప్పు. ఉంటాదా?"

ఆయన ముఖం చూస్తే లేదని ఎవరనగలరు? పైగా నాకు నిజంగా తెలియదు. నేను చూసింది వేపాకుల మీద పడుకొని కళ్లు మూసుకొని కదా.

"ఉంటుంది నాయనా," అన్నాను.

"ఏం రంగు?"

"ఎరుపు."

"ఎంత వెడల్పు?"

"నాలుగు వేళ్లు," అని చెయ్యి చూపించాను.

నాయన ముఖం ఎంత తేలికపడిందో చెప్పలేను. లోపల్నుంచి అమ్మ అంది, "సముద్రానికి చీర కడతాండాడమ్మా మీ నాయన. రవిక గుడ్డ కూడా తియ్యమను."

ఇరవై రోజులు మా వీధిలో మళ్లీ చప్పుడు. అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుట్టేది, నేను అందించేదాన్ని. మధ్యాహ్నం పూట గుంటలోకి కిటికీ వెలుతురు పడితే నీలం గుడ్డ మీద నాయన చేతులు ఈదుతున్నట్టు ఉండేవి, అడ్డపోగు లాక్కెళ్లే నాడె చేపలాగా ఇటు అటు పోయేది. నాకు నిద్రలో కూడా అదే, మా ఇల్లు మెల్లగా నీలంలోకి మునిగిపోతున్నట్టు, ఎవరికీ భయం లేనట్టు.

మే నెలలో ఎనిమిది గుడ్డలూ బస్సు మీద వేసుకొని ఆదోని పోయాం. అక్కడ నాయన చేసిన పని వింటే మీరు నవ్వుతారు. సారు గుడ్డ ఊపడానికి ఎనిమిది మంది కూలీలను పెట్టాలనుకున్నాడు. నాయన ఒక పూట చూశాడు, వాళ్ల అలలు ఆయనకు నచ్చలేదు. "దుప్పటి దులిపినట్టుంది," అన్నాడు. షెడ్డు నేలలో ఒక పక్కగా గుంట తవ్వి, మగ్గానికున్నట్టే తొక్కుడు చెక్కలు బిగించి, తాళ్లు పైకప్పు దూలాల మీదుగా లాగి గుడ్డకు కట్టాడు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చొని తొక్కితే సముద్రం ఈ చివర లేచి ఆ చివర దాకా పాకుతుంది. కుడి కాలికి పెద్ద అల, ఎడమ కాలికి చిన్న అల.

తెరిచే ముందు రోజు సాయంత్రం సారు చూడటానికి వచ్చాడు. వచ్చి గొడుగు మూయకుండానే నిలబడిపోయాడు. నీలం సముద్రంలో నాలుగు అడుగులకొకటి చొప్పున, ఈ చివర నుంచి ఆ చివరకు, ఎర్రటి గీతలు.

"ఏమప్పా ఇది," అన్నాడు మెల్లగా. "సముద్రం నేయమంటే ఎనిమిది చీరలు నేసినావా? రేపు పొద్దున జనం వస్తాండారు తిక్కయ్యా. నవ్విపోతారు. కత్తెర తెప్పిస్తా, అంచులు కోసి కుట్టేద్దాం."

"కోస్తే నేను తొక్కను సారూ."

"ఏంటికి?"

"అంచు లేని గుడ్డ కింద బతికినోళ్లను నడిపిస్తే నాకు కూడు దిగదు. అయినా ఇది నేను ఊరికే పెట్టింది కాదు." నాయన గుంటలోంచే నా వైపు చెయ్యి చూపించాడు. "మా పాప సూసొచ్చినాది. సముద్రానికి అంచు ఉంటాదంట. ఎర్రగా, నాలుగు వేళ్లు."

ఇద్దరూ నన్ను చూశారు. షెడ్డులో పత్తి పొట్టు వాసన, నీలం అద్దకం వాసన. 

"ఏ ఊర్లో సూసినావమ్మా?" అన్నాడు సారు.

"మద్రాసులో సార్."

"ఏ పొద్దప్పుడు?"

"సాయంత్రం," అన్నాను. ఎందుకు సాయంత్రం అన్నానో తెలియదు, బయట అప్పుడు సాయంత్రం కాబట్టేమో.

సారు నన్ను చూశాడు, గీతలను చూశాడు. తర్వాత గొడుగు మూశాడు. "సాయంత్రమైతే ఎర్రగానే ఉంటుందిలే," అన్నాడు. బజారుకు మనిషిని పంపి వెలుతురు దూరే పల్చటి ఎర్ర జిలుగు కాగితం తెప్పించి బల్బులన్నిటికీ తానే చుట్టాడు. ఆ వెలుతురులో గీతలు కరిగి నీళ్ల మీద పడిన పొద్దులాగా అయిపోయాయి. మేము ముగ్గురమూ నోరు తెరుచుకొని చూశాం.

బయటికి వస్తుంటే సారు నా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు, "నేనూ కేలెండర్లోనే సూసినానమ్మా."  

మర్నాటి నుంచి నెలరోజులు నేను నేల మీద నడవలేదు. సముద్రం చూసొచ్చిన పిల్ల కాబట్టి సారు నన్నే దారి చూపించేదానిగా పెట్టాడు. ఇరవై మందిని వెంటేసుకొని, చేతిలో జొన్నకట్టె పట్టుకొని, ఇది కాశ్మీరం, ఇది ఎడారి, అంటూ ఐదు లోకాలు తిప్పడమే నా పని. ఎమ్మిగనూరు నుంచి, నందవరం నుంచి, అటు తుగ్గలి నుంచి కూడా బస్సులు నిండిపోయి వచ్చేవాళ్లు. కాశ్మీరమంటే మిల్లులో మిగిలిన పత్తి, మోకాళ్ల లోతు, పైనుంచి కూడా దారాలకు వేలాడేది. చంద్రమండలం నేలంతా సున్నం కలిపిన వేరుశనగ పొట్టు, నల్లగుడ్డ ఆకాశానికి కుట్టిన చమ్కీలు, అడుగేస్తే కరకరమనేది. ఎడారిలో తుంగభద్ర ఇసుక. ఆ నెల ఆదోని బజారులో సగం మంది తలల మీద మంచు ఉండేది, ఎవరూ దులుపుకునేవాళ్లు కాదు, చూసొచ్చామని తెలియాలి కదా.

నందవరం నుంచి ఉచ్చీరమ్మ అని ఒక అవ్వ వచ్చింది. కాశ్మీరం వాకిట్లో చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది.

"ఇదంతా మా సేన్లో పత్తే కదే," అంది.

"మంచు అవ్వా. హిమాలయాల్లో ఉంటుంది."

"మంచయితే సల్లగుండాల." కొంచెం చేతిలోకి తీసుకొని చూసింది. "గింజ కూడా ఉంది సూడు నీ మంచులో. జన్మంతా వంగి ఏరింది ఇదే. ఒక్క దినం దీంట్లో పండుకున్న పాపాన పోలేదు." అని మెల్లగా అందులో ఒరిగి కళ్లు మూసుకుంది. నేను లేపలేదు. రెండు గుంపులు ఆమె పక్కనుంచి గుసగుసగా నడిచిపోయాయి. లేచాక నేరుగా సముద్రానికి వచ్చి, పైన లేస్తున్న అలను చేత్తో అందుకొని, కళ్లకద్దుకొని, నెత్తిన చల్లుకుంది. ఆ రోజు నుంచి వచ్చినవాళ్లందరూ అట్లాగే చేశారు. గుడ్డ అని అందరికీ తెలుసు. అయినా నెత్తిన చల్లుకునేవాళ్లు. పిల్లలు ముక్కు మూసుకొని మునిగేవాళ్లు.

నాయన గుంటలో కూర్చొని ఎవరికీ కనిపించకుండా తొక్కుతూ ఉండేవాడు. ఆ ఎర్ర వెలుతురులో ఆయన ముఖం చూస్తే, ఇచల్‌కరంజి అనే ఊరు ఎక్కడా లేనట్టే ఉండేది.

జూన్ మొదటి వారంలో మేరి సిస్టరు వచ్చింది. ఆదోని ఆసుపత్రిలో నర్సు, ఊరు బందరు దగ్గర. అది తెలియగానే నాయన తొక్కడం ఆపి గుంటలోంచి తల ఎత్తాడు.

"సముద్రం పక్కన పుట్టినామెవు కదమ్మా. నువ్వు సెప్పు. ఎట్లుంది?"

నేను జొన్నకట్టె పట్టుకొని అట్లే నిలబడ్డాను. మేరి సిస్టరు గుడ్డను ఒక పక్క నుంచి ఇంకో పక్క దాకా చూసింది. ఎర్ర గీతను వేలితో తాకింది.

"ఈ ఎరుపేమిటండీ?"

"అంచు. సాయంత్రం పొద్దు సముద్రం కదా. మా పాప సూసొచ్చినాది."

ఆమె నా వైపు తిరిగింది. నా ముఖంలో ఏం కనిపించిందో. "మేం పొద్దున్నే వెళ్లేవాళ్లమండీ, పడవలు వచ్చే వేళకి," అంది. "సాయంత్రాలు నేనెప్పుడూ చూళ్లేదు. బావుంది."

నాయన మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు, కొంచెం నిదానంగా.

బయట వాకిలి దగ్గర ఆమె చెప్పుల పట్టీ బిగించుకుంటూ అడిగింది, "నువ్వు చూళ్లేదు కదూ?"

చూడలేదని తల ఊపాను.

"ఎక్కడా ఆగదే అది. ఏ గీతా ఉండదు. మా నాన్న పడవ అటే పోయింది, ఇంకా రాలేదు." లేచి నిలబడి కొంగు సర్దుకుంది. "అంచుంటే ఎంత బావుండేది."

ఆ రోజు చెప్పేయాలనుకున్నాను. ఇంటికి పోయే బస్సులో నాయన నా పక్కనే కూర్చొని కిటికీలోంచి నల్లరేగడి చేలు చూస్తున్నాడు. ఎమ్మిగనూరు వచ్చే దాకా నా నోట్లో ఆ మాట తిరుగుతూనే ఉంది. బస్సు ఆగింది, దిగాం.

వానలొచ్చే ముందు మిల్లు షెడ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది, కానీ సారు మాట నిలబెట్టుకున్నాడు. జగద్దర్శనం బళ్లారికి పోయింది, అక్కడికి కొత్త సముద్రం. శేషన్న చిన్నాయనకు నాయన ఉత్తరం రాయించాడు, మగ్గం ఖాళీ లేదు, నువ్వే వచ్చేయ్, అని. మా గుంట పూడ్చలేదు. మా గుంట చూసి మా వీధి గోవిందన్న వాళ్లు కూడా పూడ్చేసిన వాళ్ల గుంట మళ్లీ తవ్వుకున్నారు.

బళ్లారి సముద్రానికి పడుగు పోసేటప్పుడు నన్ను అడగలేదు. నేను దసరాకు ఇంటికి వచ్చి చూస్తే అంచు రెండు వేళ్లే ఉంది. రాయచూరు సముద్రానికి ఒక వేలు. హొస్పేట సముద్రానికి దర్భపుల్లంత.  అమ్మ చూసి, "మీ నాయనకు కండ్లు సన్నగిల్లినాయో, సముద్రానికి ఒళ్లు తగ్గిందో," అనేది.

మొన్న ఉగాది ముందు గదగ్ సముద్రం నేశాడు. నేను ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలయ్యాక వచ్చి చూశాను. ఎంత వెతికినా అంచు కనిపించలేదు. చివరికి వెలుతురుకు పట్టి చూస్తే ఉంది, చిట్టచివర, ఒకే ఒక్క ఎర్ర పోగు.

"ఇదెందుకు నాయనా?" అన్నాను. 

నాయన నాడెలో కండె మారుస్తున్నాడు. "ఉండనీలే పాపా. నువ్వు సూసినావు కదా," అన్నాడు. కండె బిగించి, "ఒకసారి నాకూ సూపించు. ఇన్ని నేస్తి, ఒక్కటీ సూడకపోతే ఎట్ల? నీకు దారి తెలుసు కదా," అన్నాడు.

అందుకే ఈ ప్రయాణం. నా ఒళ్లో ఉన్న ఈ నీలం ముక్క గదగ్ సముద్రంలోదే, జానెడు. నీళ్ల పక్కన పెట్టి చూస్తాడట, రంగు కుదిరిందో లేదో. ఇదిగో, ఈ అంచు దగ్గర వేలు పెట్టి చూడండి, పోగు తగులుతుంది.

సిగ్నల్ పడింది. నాయన చెంబు నింపుకొని ఇటే వస్తున్నాడు, నీళ్లు తొణకకుండా, నన్ను చూసి నవ్వుతూ. ఆయనకు తెలుసో తెలియదో ఆ నవ్వులో నాకు కనిపించడం లేదు. ఈ ప్లాట్‌ఫారం మీదే చెప్పేయాలా, లేక ఈ ముక్క ఆయన చేతిలో పెట్టి, ఏమీ అనకుండా, నీళ్ల దాకా పక్కన నడవాలా? మీరైతే ఏం చేస్తారు?